ఏడో రౌండులో కుడిచెయ్యి

ఆ రోజు ఏడో రౌండులో ఉక్కు అనే బాక్సర్ కుడిచెయ్యి ఎదుటివాడికి తగిలిందా, లేదా? ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. నేను రెండో వరసలోనే కూర్చున్నాను.

మా బావ దర్జీ. సెలవురోజుల్లో బాక్సింగ్ పోటీలకు జడ్జి. "గుండీలు కుట్టుకునేవాడికి గుద్దుల లెక్కలెందుకు?" అని అక్క ఎత్తిపొడిచేది.

"రెండూ పడాల్సిన చోట పడ్డాయా లేదా చూడటమేగా," అనేవాడు బావ. రింగు పక్కన కూర్చుంటే రెప్ప వేయడని ఆయనకు పేరు.

ఉక్కు, నత్త అన్నవి ఇద్దరు పాత చాంపియన్లకు జనం పెట్టిన పేర్లు. ఇద్దరికీ నలభై దాటి చాలా కాలమైంది. నత్త అప్పటికే నాలుగుసార్లు ఉక్కు చేతిలో ఓడాడు. ఐదోది ఆఖరి పోటీ. ఇందులో గెలిస్తే ఉక్కుకి శిక్షణశాలలో కోచ్ ఉద్యోగం ఖాయమన్నారు. నత్త చేతిలో ఓడినవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?

వారం ముందు ఉక్కు, రింగులోకి వేసుకెళ్ళే కొత్త అంగీ తొడిగి చూసుకోవడానికి బావ దుకాణానికి వచ్చాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. బావ మెడలో టేపుతో అలాగే నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు. ఎవరికీ చెప్పకండి మాస్టారూ. నత్తగాడికి ఎడమచెయ్యి చాలు. వాడు నా దగ్గరికి వచ్చేలోపు టీ తాగి రావచ్చు."

బావ ఎవరికీ చెప్పలేదు. అంగీని చంక దగ్గర రెండంగుళాలు వదులు చేసి ఇచ్చాడు.

ఆ పోటీల్లో ప్రతి రౌండు అవగానే జడ్జి చీటీ మీద అంకెలు వేసి ఇచ్చేయాలి. చెయ్యి దాటిన చీటీ మళ్ళీ రాదు. ఆరు రౌండ్లకు బావ లెక్కలో చెరి మూడు. ఆఖరిదైన ఏడో రౌండంతా నత్త నింపాదిగా ఉక్కు పొట్టలో గుద్దుతూ ముందుకు జరిగాడు. గంట మోగబోతుండగా ఒక చప్పుడు వినబడింది. సరిగ్గా అప్పుడే నా ముందువాడు లేచి నిలబడ్డాడు.

బావ ఆ రౌండు నత్తకు వేసి చీటీ ఇచ్చేశాడు. మిగతా జడ్జీలిద్దరూ చెరొకరివైపు. బావ చీటీతోనే నత్త గెలిచాడు. రిఫరీ తన చెయ్యి పట్టి పైకెత్తితే, వేరెవరినో పిలిచారనుకుని వెనక్కి తిరిగి చూశాడు పాపం.

ఉక్కు చేతికట్లు విప్పుకుంటూ బావ దగ్గరికి వచ్చాడు. మొహంలో నవ్వు. "ఓడితే ఓడాను గానీ మాస్టారూ, కుడిది లేచింది చూశారా? వాడి చెవి కింద తగిలింది."



వారం తర్వాత బావ మా ఇంటికి వచ్చాడు. ఉక్కుకి రావాల్సిన కోచ్ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారని చెప్పాడు.

"ఆ చెయ్యి లేవదని నాకు తెలుసురా. అందుకే ఏడు రౌండ్లూ ఎడమదాన్నే చూస్తూ కూర్చున్నాను."

"నత్తనే అడగకపోయావా?"

"అడిగాను. మూడో రౌండు తర్వాత ఏదీ గుర్తులేదన్నాడు."

"పోనీ, పోటీ పెట్టినవాళ్ళకు చెబితే?"

"ఏమని చెప్పను? తగిలిందో లేదో నాకే తెలియదు." నా వైపు తిరిగాడు. "నువ్వు చూశావా?"

ఏదో ఒకటి చెప్పి ఆయన్ని ఒడ్డున పడేయాలనిపించింది. ఏది చెప్పాలో తోచలేదు.

"నా ముందొకడు లేచి నిలబడ్డాడు బావా."

తలూపి, లేచి చెప్పులు వేసుకున్నాడు. "వెళ్ళొస్తా" అనకుండా మా గుమ్మం ఏనాడూ దాటని మనిషి. ఆ రోజు కుడి భుజం తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.