యాభై కిలోల హద్దు

మా అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ కాళ్ళు కర్రల్లా బిగుసుకునే ఉండేవి. మాట రాదు. దాని పదకొండో ఏట, ఎవరో చెబితే, యలహంక అవతల ఇలాంటి పిల్లల్ని గుర్రమెక్కించి వైద్యం చేసే చోటికి తీసుకెళ్ళాం. గుర్రం నడక ఊపుకి పావుగంటలో కాళ్ళు సడలాయి. మెడ నిలబెట్టి కూర్చుంది. ఇంటికొచ్చాక, మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా దానికి బట్టలు మార్చాను.

మూడేళ్ళు ప్రతి శనివారం వెళ్ళాం. ఒకరోజు అక్కడి టీచరమ్మ బరువు చూసింది.

"నలభై ఎనిమిది ఉండాదమ్మా. యాభై దాటితే ఎక్కించలేము. గుర్రం వీపు తట్టుకోదు."

ఆ సాయంత్రమే దాని రాగిముద్ద సగం చేశాను. తర్వాత పొద్దుటి ఇడ్లీలు మూడు కాస్తా ఒకటయ్యాయి. పళ్ళెం ఖాళీ అయినా నోరు తెరిచి నా వైపే చూసేది. "అయిపోయిందమ్మా, ఇంక లేదు" అని మూతి తుడిచేసేదాన్ని. వంటింట్లో గిన్నె నిండా అన్నం ఉండేది. మా ఆయన చూసి, తన పళ్ళెంలోకి తల వంచుకునేవాడు. రెండు నెలలకు నలభై ఐదుకు దిగింది. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

ఒక శనివారం రెండో చుట్టులో అమ్మాయి తల వాల్చేసి పక్కకు ఒరిగిపోయింది. గుర్రాన్ని నడిపించే పెద్దాయన ఒడిసిపట్టి దించాడు. హిందూపురం వైపు మనిషి. నీళ్ళు తాగించి నన్నడిగాడు.

"పొద్దున ఏం తినిందమ్మా?"

"అర గ్లాసు పాలు."

"రాత్రి?"

నేను కొంగుతో దాని మూతి తుడిచాను. ఆయన దాని మణికట్టు పట్టుకుని చూశాడు.

"మేత ఎయ్యకుండా గుర్రాన్నే మేము బయటికి తియ్యమమ్మా. బిడ్డను ఎట్ల పస్తు పెట్టినావు?"

గొంతు పెంచలేదు. అయినా పక్కనున్న తల్లులు విన్నారు. ఒకావిడ చప్పున తల తిప్పుకుంది. వాళ్ళబ్బాయి బరువూ హద్దుకు దగ్గర్లోనే ఉంది.

ఇంటికొచ్చి కడుపు నిండా పెట్టాను. ఆత్రంగా తిని కక్కుకుంది. మళ్ళీ పెట్టాను. ఆ తర్వాత చాలా నెలలు, పళ్ళెం తీయబోతే నా చెయ్యి పట్టుకునేది. మా ఆయన వంటింట్లోంచి గిన్నె తెచ్చి ఖాళీ అయిందని చూపిస్తేనే వదిలేది. ఏడాది తిరక్కుండా యాభై దాటింది. టీచరమ్మ చెప్పకముందే గుర్రమెక్కడం నేనే మానిపించాను.

ఇప్పుడు పదిహేడేళ్ళు. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. తుంటి కీలు జారింది. స్నానం చేయించాలంటే ఇద్దరం ఉండాలి. మా ఆయన భుజాలు పట్టుకుంటాడు, నేను కాళ్ళు విడదీస్తాను. అది అరుస్తుంది.