సింహాచలం బావ ఆటోకి నేను చేసిన డీజిల్

మా అక్క పెరటినీ, బావ ఆటోనీ, నా బీఎస్సీ కెమిస్ట్రీ పరువునీ ఒకే ప్లాస్టిక్ డ్రమ్ములో ముంచేసిన ఘనుణ్ణి నేను. ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి, నేనేం అనుకోను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. గాజువాకలో అక్కావాళ్ళింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఉద్యోగం దొరకలేదు గానీ అనుమానం మాత్రం ప్రతిచోటా దొరికేది. పాలవాణ్ణి అనుమానించాను, త్రాసును అనుమానించాను, ఆఖరికి అక్క పెట్టిన ఉప్మాలో జీడిపప్పులు తక్కువయ్యాయని బావ కంచంలోకి తొంగి చూశాను.

మా బావ సింహాచలం మద్దిలపాలెం దాకా షేర్ ఆటో తిప్పేవాడు. డీజిల్ ఆటో. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. వాడేసిన వంటనూనెతో బయోడీజిల్ చెయ్యొచ్చని నేను ఫోన్‌లో ఓ వీడియో చూసి, పరుగెత్తుకెళ్ళి బావకి చెప్పాను.

"బావా, ఇంకనించి నీ ఆటో బజ్జీల నూనెతో నడుస్తాది."

మా వైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు. "నానూ బజ్జీల నూనెతోనే నడుత్తన్నాను బావా. నానేటి బాగున్నానా?" అన్నాడు పొట్ట నిమురుకుంటూ.

నూనె బజ్జీల అప్పన్న ఇచ్చాడు. "రెండు వాయిలే ఏసినాను బాబూ" అన్నాడు. నూనె చూస్తే తారులా ఉంది. అయినా లోకంలో నేను నమ్మింది ఆ ఒక్కణ్ణే. ఊరికే ఇచ్చినవాణ్ణి ఎలా అనుమానిస్తాం చెప్పండి?

ఇక కావాల్సింది మిథనాల్, ఉత్ప్రేరకం. ఉత్ప్రేరకం అంటే పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. నూనెకీ మిథనాల్‌కీ ముడి వేసి తను పక్కకి తప్పుకుంటుంది. ఆ పనికి కాస్టిక్ సోడా అయినా వాడొచ్చు, కాస్టిక్ పొటాష్ అయినా వాడొచ్చు. వన్‌టౌన్‌లో రహీం భాయ్ కెమికల్ కొట్టుకి వెళ్ళాను.

"నూనె ఎన్నిసార్లు కాగింది బేటా?"

"అదెందుకండీ మీకు?" అన్నాను. నా ఫార్ములా లాగుతున్నాడని నా అనుమానం.

"మాడిన నూనెలో ఆమ్లం ఎక్కువుంటాది. ముందు పరీక్ష చేసుకో. తర్వాత పొటాష్ కొలిచి వెయ్యి. ఆఖర్న నీళ్ళు పొయ్యకు, రంపంపొట్టులోంచి వడగట్టు. మురికంతా అదే పట్టేస్తాది."

సోడా చవక, పొటాష్ ఖరీదు. ఆహా, అదన్నమాట సంగతి! మరి రంపంపొట్టు ఎందుకు? నా బుర్ర పాదరసంలా పరుగెత్తింది. "మీవాళ్ళకి కోతమిల్లు ఉందా?" అని అడిగాను.

"మా తమ్ముడికుంది. నీకెలా తెలుసు?" అన్నాడు పాపం, నోరు తెరిచి.

దొరికిపోయాడు! మిథనాల్‌తోపాటు సోడాయే కొని, విజయగర్వంతో బస్సెక్కాను. దారిలో ఇంకో అనుమానం వచ్చింది. ఇంత చవగ్గా ఇచ్చాడంటే సోడా కల్తీదేమో. అందుకని ఇంటికొచ్చి, డ్రమ్ములో నూనె, మిథనాల్ పోసి, సోడా మాత్రం వీడియోలో చెప్పినదానికి రెట్టింపు వేశాను.

కళ్ళద్దాలు, గ్లవుజులు, ముక్కుకి తువ్వాలు. పెరట్లో నా అవతారం చూసి పక్కింటి పైడమ్మ గోడ మీంచి మెడ చాచింది.

"ఏటి బాబూ, డ్రమ్ములో ఏటి సేత్తన్నావు?"

"ఏమీ లేదు పిన్నీ." చెబితే రేపు ఆవిడా మొదలెట్టేస్తుందని నా భయం.

"ఏటీ నేకపోతే ముక్కుకి గుడ్డెందుకు కట్టినావు?" అని కళ్ళు చిట్లించి మాయమైపోయింది.

ఇక శుద్ధి చెయ్యాలి. నీళ్ళు పై నుంచి మెల్లగా చిలకరించమంది వీడియో. మెల్లగా చేస్తే మురికెలా వదులుతుంది? బకెట్టు నీళ్ళు కుమ్మరించి, బావ డ్రిల్లింగ్ మిషన్‌కి గరిటె బిగించి గిరగిరా తిప్పేశాను. పది నిమిషాల్లో డ్రమ్ము నిండా పెళ్ళి భోజనాల గడ్డపెరుగు! తెల్లారేసరికి అందులో కర్ర గుచ్చితే ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది.

"దీన్ని ట్యాంకులో పోత్తావా బావా, నేకపోతే కత్తిపీటేసి కొయ్యమంటావా?" అన్నాడు సింహాచలం.

అంతలో గేటు చప్పుడైంది. ఓ కానిస్టేబుల్. ఆయన వెనక పైడమ్మ. ఆవిడ వెనక సగం వీధి.

"ఇంట్లో సారా కాస్తన్నారంట?"

"సారా ఏంటండీ! డీజిల్!" అన్నాను ఛాతీ విరిచి.

"డీజిలా? ఎవరిచ్చారు పర్మిషను? సారా అయితే ఒక కేసు, డీజిలయితే ఇంకో కేసు. నీకేది కావాలో సెప్పు."

విరిచిన ఛాతీ అక్కడికక్కడే లోపలికి పోయింది. అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆటో ఎక్కడ స్టేషనుకి పోతుందోనని బావ మొహం పాలిపోయింది. ఉన్నట్టుండి అతనే ముందుకొచ్చాడు.

"డీజిలూ నేదు గీజిలూ నేదు బాబూ. ఇది సబ్బు!"

కానిస్టేబుల్ ఒకసారి డ్రమ్ముని, ఒకసారి నన్ను చూశాడు. "సబ్బయితే కడిగి సూపించండి."

బావ కొబ్బరిపీచుకి రెండు ముద్దలు అంటించి ఆటో వెనక రేకు మీద రుద్దాడు. నురగ! అలా ఇలా కాదు, బీచ్‌లో తుఫాను రోజు వచ్చే నురగ! ఏళ్ళనాటి జిడ్డు కరిగి కాలవలోకి పోయింది. దాని వెనకే, పెయింటరు చేత ముచ్చటపడి రాయించుకున్న అక్షరాలు కూడా పోయాయి. మాడిన నూనెని సబ్బు చేసి, ఇంకా మిగిలిన రెట్టింపు సోడా మహిమ!

"గట్టి సబ్బే" అని ఒప్పుకున్నాడు కానిస్టేబుల్. అయినా అనుమానం తీరలేదు. నా వైపు తిరిగాడు. "సదువుకున్నోడివి నువ్వు సెప్పు. ఇది డీజిలా, సబ్బా?"

కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న నేను, కుడిచెయ్యి పైకెత్తి చెప్పాను.

"సబ్బేనండి. నేను మొదట్నించీ సబ్బే చేద్దామనుకున్నాను."

"అయితే మా గిన్నెలకి ఓ ముద్ద ఎట్టు బాబూ" అంది పైడమ్మ. పెట్టలేదు. పెయింటునే మింగిన సబ్బుకి ఆవిడ గిన్నెల అడుగులు మిగలవు కదా.

ఆ రోజే, బోసిపోయిన ఆటో రేకు మీద చెయ్యేసి, పదిమంది ఎదుటా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో నేను డీజిల్ పట్టేది బంకులో, లైన్లో నిలబడి మాత్రమే. అప్పుడు కూడా పైపు వాళ్ళ చేతిలోనే ఉంటుంది, నా చేతులు నా జేబుల్లో ఉంటాయి. ఈ మాటలో మాత్రం నేనేమీ కలపలేదు, నమ్మండి.