కోసి చూపిద్దామని తీసుకెళ్ళిన మామిడిపండు

ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో సెక్షనల్ వ్యూ అంటే, వస్తువుని కోసినట్టు ఊహించుకుని లోపల ఉన్నది గీయడం. ఎంత చెప్పినా మా పిల్లల ఊహకి అందడం లేదని ఈ రోజు క్లాసుకి నిజంగానే ఒక బంగినపల్లి పండు, చాకు పట్టుకెళ్ళాను. జి. కొండూరులో మామిడితోట ఉన్న మా బాబాయి నిన్న పంపిన బుట్టలోది. "మనింటికి కదరా, గడ్డిలోనే మగ్గబెట్టాను" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పైకి పసుపుపచ్చగా మెరిసిపోతోంది. అందరి ముందు టెంక దాకా కోశాను. లోపల తెల్లగా, పచ్చికాయ!

ముందు బెంచీలో మామిడి రైతు కూతురొకమ్మాయి ఉంది. "కార్బైడ్ వేసి మగ్గబెట్టిన కాయండి సార్. మిమ్మల్నెవరో మోసం చేశారు. ఎక్కడ కొన్నారండి?" అంది.

"రోడ్డు మీద, బండివాడి దగ్గరమ్మా" అన్నాను. బాబాయి అని చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

"పళ్ళెలా ఉన్నాయిరా?"

"తేనెలా ఉన్నాయి బాబాయ్."

లోపల ఉన్నది ఉన్నట్టు గీయకపోతే మార్కులు తీసేసే మేస్టారిని నేను. మీరైతే ఆయనకి ఏం చెప్పేవారండీ?