ఈరోజు నేల మీదే

ఎత్తైన భవనాల అద్దాలు తుడిచే ఆరుగురికి ఆయన మేస్త్రి. అందరికీ బావ. తనకన్నా పదేళ్ళు పెద్దవాడైన కాపలాదారు కూడా 'బావగారూ' అనే పిలుస్తాడు. "నాకు ఒక్క తమ్ముడూ లేడు, ఈయనకేమో ఇంతమంది బావమరుదులు" అని ఆయన భార్య నవ్వుతుంది.

పనిలో చేరిన కొత్తలో బావ ఒకరోజు జ్వరంతో తాడు కట్టుకున్నాడు. ఒంట్లో బాగోలేదని చెప్పబోతే అప్పటి మేస్త్రి "భయమైతే గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చో" అన్నాడు. ఆ మాటకి రోషం వచ్చి దిగాడు. ఏడో అంతస్తు దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. లోపలున్న ఎవరో కిటికీ తెరిచి చొక్కా పట్టుకుని లాగారు కాబట్టి సరిపోయింది.

తాను మేస్త్రి అయ్యాక బావ ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున్నే పైకప్పు మీద, బెల్టు ఇచ్చేముందు ఒక్కొక్కరినీ అడుగుతాడు: "తాడు కట్టుకుంటావా?" కట్టుకోనంటే చాలు, కారణం అడగడు, కూలి కోయడు. నాలుగేళ్ళు గడిచినా ఆ 'కట్టుకోను' ఎవరి నోటా రాలేదు. తమ జట్టులో వద్దనేవాడే లేడని మిగతావాళ్ళు సంబరపడ్డారు గానీ, బావకి మాత్రం లోపల ముల్లులా ఉండేది. అవసరం రాక అనడం లేదా, నా మాట మీద నమ్మకం లేకనా?

అది తేలే రోజు, ఎంచి ఎంచి, తీరిక లేని రోజే వచ్చింది. పన్నెండంతస్తుల ఆఫీసు మర్నాడే తెరుస్తారు. ముందువైపు అద్దాలు మిగిలాయి. జట్టులో నలుగురు వేరే ఊళ్ళో పని మీద ఉన్నారు. ఇక్కడ తాడు మీద పనిచేయగలవాళ్ళు, బావ కాక, ఇద్దరే: ఎంత ఎత్తైనా జంకని 'గాలిపటం', నోరు మూతపడని 'లెక్చరర్'.

"తాడు కట్టుకుంటావా?"

గాలిపటం బూట్ల వంక చూశాడు. "ఈరోజు నేల మీదే ఉంటా బావా."

లెక్చరర్ పగలబడి నవ్వాడు. "ఏరా, నీ తోక తెగిందా? రేపు దోమ కుట్టిందని కూడా మానేస్తారు వీళ్ళు!"

"నువ్వాగు," అన్నాడు బావ. గాలిపటంతో, "కిందికెళ్ళి నీళ్ళ పైపు చూసుకో" అన్నాడు. అంతే.

అప్పుడే ఆఫీసు మేనేజర్ రొప్పుతూ పైకి వచ్చాడు. "బావగారూ, అతను దిగిపోతున్నాడేంటి? ఒంట్లో బాగోలేదా?"

"తెలీదండి."

"అడగండి మరి!"

"అడగనని మాటిచ్చానండి. సాయంత్రానికి సగం అవుతుంది, మిగతాది రేపు పదింటికల్లా చేస్తాం."

"రేపు పదింటికి అతిథులొస్తారు! మీకిద్దామనుకున్న వెనక భవనం పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తా, చూసుకోండి."

ఆ పని మీద బావ ఎంతో ఆశ పెట్టుకున్నాడు. అయినా, "మీ ఇష్టమండి" అన్నాడు.

మేనేజర్ మెట్ల మీద కాళ్ళు టపటపలాడిస్తూ దిగిపోయాడు. బావ లెక్చరర్ వైపు తిరిగాడు. "తాడు కట్టుకుంటావా?"

లెక్చరర్ గోడ అంచు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"రెండు నెలల్నించీ కిందికి చూస్తే తల తిరుగుతోంది బావా."

"ఓరి నాయనా! ముందే చెప్పి చావొచ్చుగా?"

"నువ్వు నిజంగా ఒప్పుకుంటావని నాకేం తెలుసు? ఎవడైనా అని చూస్తే కదా!"

బావకి కోపం, నవ్వు ఒక్కసారే వచ్చాయి. బెల్టు తీసుకుని తనే కట్టుకున్నాడు. పైన తాళ్ళు కనిపెట్టి ఉండమని లెక్చరర్‌కి చెప్పి, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, మోకాళ్ళు మొరపెడుతున్నా అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ తుడిచాడు. సాయంత్రానికి సగం అయింది. మర్నాడు గాలిపటం తనంతట తనే బెల్టు అడిగి మిగతాది ముగించాడు. అతిథులు తలెత్తి, గాలిలో తేలే మనిషిని చూసి చప్పట్లు కొట్టారట.

వెనక భవనం మాత్రం వేరేవాళ్ళకే పోయింది. ఆ నెల ఇంట్లో కొంచెం ఇబ్బంది అయింది.

లెక్చరర్ డాక్టరుకి చూపించుకున్నాడు, చెవిలో ఏదో తేడా అట. ఇప్పుడు నేల మీదే ఉండి కొత్తవాళ్ళకి ముడులు నేర్పుతున్నాడు. ఒక్కో ముడికి గంట ఉపన్యాసం, కానీ అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళ ముడి ఇంతవరకూ జారలేదు. కట్టుకోనని నెలకి ఒకరో ఇద్దరో అంటూనే ఉన్నారు. అందుకని బావ ఇద్దరిని అదనంగా తయారుచేసుకున్నాడు.

గాలిపటం ఆ రోజు ఎందుకు వద్దన్నాడో బావకి ఈనాటికీ తెలీదు. తెలుసుకోవాలని లేదా అంటే, ఒళ్ళంతా దురదగా ఉంటుందంటాడు. అయినా అడగడు.