పెళ్ళి ఫ్లెక్సీలో పరాయి అవ్వ

పదకొండేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఆదోనిలో ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు వేసే ఒక అంగడిలో డిజైన్ చేసేది నేనే. పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి వస్తాను, సాయంత్రం బస్సెక్కి పోతాను. ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా ఒక్క తప్పూ పోలేదా అంటే, పోయింది. తప్పు పోకుండా పని చేయడం ఎవరి తరమూ కాదు. కానీ నేను చెయ్యని తప్పుకు నన్ను పదిమంది ముందు నిలబెట్టింది మాత్రం ఆ ఒక్క దసరా తర్వాతే. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సంగతి చిన్నగానే మొదలైంది. మేము వాడే సాఫ్ట్‌వేర్‌లో మధ్యలో బొమ్మ, దాని చుట్టూ చిన్న చిన్న విండోలు ఉంటాయి. ఒకదాంట్లో రంగులు, ఒకదాంట్లో అక్షరాలు, ఇంకోదాంట్లో ఒకదాని మీద ఒకటి పరిచిన బొమ్మల వరుస. వంట చేసేవాళ్ళకు పోపుల డబ్బా ఎట్లాగో నాకు అవి అట్లా. చూడకుండానే చెయ్యి అటు పోతుంది. దసరా దాటిన వారం నుంచి ఆ విండోలన్నీ ఉన్నట్టుండి మాయం కావడం మొదలైంది. రంగు కోసం పోతే అక్కడ రంగులుండవు. రెండు క్షణాల తర్వాత ఏమీ ఎరగనట్టు అన్నీ తిరిగొచ్చి కూర్చుంటాయి. పెళ్ళికూతురి పేరు కొడుతుంటే మధ్యలో జానెడు సందు పడి, సగం పేరు అవతలి అంచుకు పోతుంది. రెండు ఫైళ్ళు తెరిచి పెట్టుకుంటే, నేను ఒకదాంట్లో పని చేస్తుండగానే రెండోది ముందుకు దూకుతుంది. మనిషైతే చెంప మీద ఒకటిచ్చేదాన్ని. మిషన్ కాబట్టి నోటితో తిట్టి ఊరుకున్నాను.

ఉత్తగా తిడుతూ కూర్చోలేదు కూడా. విండోలన్నింటినీ మొదటి అమరికకు తెచ్చాను. సెట్టింగులు చెరిపేసి మళ్ళీ పెట్టాను. ఒక ఆదివారం చర్చి అయ్యాక అన్నం కూడా తినకుండా ఆదోనికి వచ్చి, సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాను. అది సోమవారం, మంగళవారం బుద్ధిగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. శుక్రవారానికి మళ్ళీ మొదలు.

ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరో మహానుభావుడు రాశాడు. ట్యాబ్ కీ నొక్కితే విండోలన్నీ మాయమవుతాయట, మళ్ళీ నొక్కితే వస్తాయట, అందుకని అనవసరంగా నొక్కొద్దట. నేను నొక్కితే కదా నాయనా! నా వేలు ఆ దరిదాపులకు కూడా పోలేదు. ఆ సలహా చదివి నాకు ఇంకా కోపం వచ్చింది. అందుకే అందులో ఉన్న నిజం నా కళ్ళకు కనపడలేదు.

అంగడి ఓనరు రిటైరైన బడి పంతులు. మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసే కుటుంబం వాళ్ళది. ఆయన్ను సార్ అనే పిలుస్తాను. చెడ్డవాడు కాదు, ఎన్నడూ గట్టిగా కూడా మాట్లాడడు. ప్రతి శుక్రవారం పొద్దున పళ్ళెంలో కుంకుమ తడిపి, అగరొత్తి వెలిగించి, అంగడిలో ఉన్న ప్రతి మిషన్‌కూ బొట్టు పెడతాడు. నేను లేచి పక్కకు నిలబడతాను. నేను దండం పెట్టలేదని ఆయన ఎన్నడూ తప్పు పట్టలేదు, ఆయన పూజను నేనూ తప్పు పట్టలేదు. మా ఇద్దరి మధ్య అది మాట్లాడుకోకుండానే కుదిరిన ఒప్పందం అనుకున్నాను.

సార్ కర్నూలులో ఉండే మెకానిక్‌కు ఫోన్ చేశాడు. ఆయన అక్కడే కూర్చుని మా స్క్రీన్‌ను తన స్క్రీన్ మీదికి తెచ్చుకుని అరగంట అటూ ఇటూ తిప్పి చూశాడు. "మిషన్ బాగుంది సార్. ఆపరేటర్ మిస్టేక్" అన్నాడు. స్పీకర్‌లో నాకు వినపడేటట్టే అన్నాడు. ఆయనకు కనపడింది మా స్క్రీన్ ఒక్కటే, నా చేతులు కాదు. చూడని చేతుల మీద తీర్పు చెప్పడానికి ఆయనకెంత ధైర్యం!

విండోలు ఎప్పుడెప్పుడు పోతున్నాయో నేను ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. శుక్రవారం, శనివారం ఎక్కువ. మంగళ, బుధవారాల్లో దాదాపు లేదు. అది సార్‌కు చూపించాను.

"వారం చివరికొచ్చేసరికి నీకు బస్సు అలసట ఎక్కువైతాందేమోనమ్మా" అన్నాడు. మళ్ళీ ఆయనే, "నువ్వు మిషన్ను ఊరికే తిడతాండావు. దాని మీద భక్తి లేకుంటే అదెట్లా మాట ఇంటాది?" అన్నాడు.

పదకొండేళ్ళు పని చేశాక వచ్చింది ఆ మాట. సార్ మామూలుగా అన్నాడేమో, నాకు మాత్రం మామూలుగా తగల్లేదు. ఎవరి భక్తి, ఏ భక్తి అని అడగబోయి నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత వచ్చింది మద్దికెర పెళ్ళి. మా దిక్కు పెళ్ళి ఫ్లెక్సీలో పైన ఒక మూల, ఇంట్లో కాలం చేసిన పెద్దవాళ్ళ ఫోటో కోడిగుడ్డు ఆకారంలో పెట్టి, కింద 'ఆశీస్సులతో' అని వేస్తారు. ఆ పెళ్ళిలో అది పెళ్ళికొడుకు అవ్వ ఫోటో. డిజైన్ ముందురోజే వాళ్ళకు ఫోన్‌లో పంపించాను, బాగుందన్నారు. మర్నాడు శుక్రవారం దాన్ని తెరిచి పెట్టుకుని, పక్కనే సి.బెళగల్ వాళ్ళ దినాల ఫ్లెక్సీ మొదలుపెట్టాను. అందులోనూ ఒక అవ్వే. ఆమె పోయి వారమైంది. రెండు ఫ్లెక్సీలకూ నేను వాడిన మూస ఒకటే, కోడిగుడ్డు ఉండే చోటూ ఒకటే.

సి.బెళగల్ అవ్వ ఫోటో కాపీ చేసి, ఆ కోడిగుడ్డులో అతికించాను. అంతలో స్క్రీన్ ఒకసారి రెప్ప కొట్టినట్టయింది. చూస్తే ఫోటో పడలేదు. దరిద్రపు మిషన్ అని తిట్టి మళ్ళీ అతికించాను. ఈసారి పడింది. మొదటిసారి అతికించింది ఊరికే పోలేదని నాకు తర్వాత తెలిసింది. నేను మీట నొక్కిన క్షణంలో పెళ్ళి ఫైలు ముందుకు దూకింది, ఫోటో పోయి అందులో పడింది, వెంటనే దినాల ఫైలు తిరిగొచ్చింది. నేను రెండూ సేవ్ చేసి ప్రింటుకు పంపాను. పెళ్ళివాళ్ళు ముందే చూసి బాగుందన్నారు కదా అని మళ్ళీ చూడలేదు. అంతవరకు నా తప్పు ఒప్పుకుంటాను.

సోమవారం పొద్దున్నే పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు, చంకలో ఫ్లెక్సీ చుట్ట పెట్టుకుని. మా కౌంటరు మీద దాన్ని పరిచాడు.

"ఈ ముసిలామె ఎవురు సార్? మాయమ్మ యాడ పోయింది?"

సార్ కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. నేనూ చూశాను. పెళ్ళికొడుకు నెత్తి మీద, గులాబీ పూల మధ్య, సి.బెళగల్ అవ్వ కూర్చుని ఆశీర్వదిస్తోంది.

"పెండ్లికొచ్చినోళ్ళంతా అడిగినారు, ఈమె మీకేమైతాదప్పా అని. ఏం సెప్పేది? కొత్త కోడలు ఇంట్లో కాలు పెట్టకముందే వాకిట్లో ఎవురిదో సావు ఫోటో కట్టిస్తిరి గదా!" అని నా వైపు తిరిగాడు. "ఈ పాప సెయ్యి మంచిది కాదు సార్. శుభకార్యాలకు ఈమెతో సేయించాకండి."

అంగడిలో ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ళ ముందే ఆ మాట పడింది. ఆదోని పెద్ద ఊరేమీ కాదు. చెయ్యి మంచిది కాదన్న మాట ఒకసారి బయటికి పోతే, పెళ్ళి కార్డు పట్టుకుని నా దగ్గరికి ఎవరొస్తారు? నాకు వచ్చింది ఈ ఒక్క పని. మా అమ్మ పత్తి చేలల్లో, మిరప చేలల్లో వంగి వంగి నన్ను నిటారుగా కూర్చునే పనిలో పెట్టింది. ఆ కుర్చీ పోతే నేనూ వంగాల్సిందే.

ఆయన పోయాక సార్ మెల్లగానే అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ కత. ఇంకొక్క తూరి ఇట్లయితే నువ్వు రావద్దమ్మా."

ఆ సాయంత్రం ఇంటికి పోయి, వాకిట్లోనే కూర్చున్నాను. మా పక్కింటి అవ్వ డెబ్బై ఏళ్ళు దాటినా గుంత మగ్గం మీద నేస్తుంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. కంప్యూటరు సంగతి ఆమెకేం తెలుస్తుందిలే అనుకుంటూనే అంతా చెప్పాను. ఆమె అంతా విని, మగ్గం గురించి అడిగినట్టే జవాబు చెప్పింది.

"మాట ఇనకుంటే ముందు కాళ్ళూ సేతులూ తీసెయ్యాల. తీసేసి ఊరికే కూసోని సూడాల. నువ్వు ముట్టుకోకున్నా అది కదిలితే తప్పు దానిది. నువ్వు ముట్టుకుంటేనే కదిలితే తప్పు నీది. నువ్వు సూసినావా?"

చూడలేదు. నెలన్నర నుంచి ఆ మిషన్‌తో కుస్తీ పడుతున్నానే గాని, చేతులు తీసి ఒక్కసారి కూడా చూడలేదు.

శుక్రవారం కోసం కాచుకున్నాను. సార్ పూజ ముగించి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఒక ఫైలు తెరిచి, మౌస్ వైరు పీకేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏమ్మా, పని చెయ్యవా?"

"చేస్తాండాను సార్. మీరొచ్చి ఈడ కూచోండి."

వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం స్క్రీన్ చూస్తున్నాం. నాలుగైదు నిమిషాలకు విండోలన్నీ మాయమయ్యాయి. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ పోయాయి.

"ఎవరు నొక్కినారు సార్?" అన్నాను.

ఆయన నా చేతుల వైపు చూశాడు. నేను కీబోర్డు వైరు పీకేశాను. పావుగంట కూర్చున్నాం, ఒక్క విండో కదల్లేదు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పోయాయి. అంగడిలో అన్నింటికంటే చవకైన వస్తువు ఆ కీబోర్డే. అందుకే దాన్ని ఎవరూ అనుమానించలేదు, దాని ముందు కూర్చున్న మనిషిని అనుమానించారు.

ఒక తెల్ల కార్డు పరిచి దాని మీద కీబోర్డు బోర్లించి తట్టాను. ఎర్రగా పొడి రాలింది. పిన్నీసుతో ట్యాబ్ కీ పైకి లేపితే, కింద గట్టిపడిన కుంకుమ గడ్డ, దాని మీద ఆ పొద్దున పెట్టిన తడి.

అప్పుడు అర్థమైంది. పాత మానిటర్‌కు చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు అంచు ఉండేది, సార్ బొట్టు అక్కడ పెట్టేవాడు. దసరాకు కొన్న కొత్త మానిటర్‌కు అంచే లేదు. అందుకని అప్పటి నుంచి కీబోర్డుకు పెడుతున్నాడు, అక్షరాల మీద పడితే నాకు కనపడవని ఎడమ పక్కకు జరిపి మరీ. తడి కుంకుమ కిందికి దిగి ట్యాబ్ మీటను పట్టేది, ఆరాక వదిలేది. ఫోటో అతికించడానికి నేను కంట్రోల్ మీట నొక్కినప్పుడు దానికి ట్యాబ్ తోడైతే ఒక ఫైలు పోయి ఇంకో ఫైలు ముందుకొచ్చేది. శుక్రవారం, శనివారం. నా నోటుబుక్కు మొత్తుకున్నది అదే.

సార్ కార్డు మీద రాలిన కుంకుమను జాగ్రత్తగా కాగితంలోకి ఎత్తి, కళ్ళకద్దుకున్నాడు. "కింద పడితే తొక్కుతారమ్మా" అన్నాడు. తర్వాత, "కొత్త కీబోర్డు తెప్పిస్తా" అన్నాడు. అంతే! నెలన్నర నా భక్తి మీద, నా చేతి మీద పడిన మాటలకు జవాబు ఒక కొత్త కీబోర్డు.

"కీబోర్డు తర్వాత సార్. ముందు మద్దికెరకు ఫోన్ చెయ్యండి" అన్నాను. ఆయన చేసే దాకా కూర్చోలేదు.

సార్ చేశాడు. ఆయన గొప్పతనం ఏమిటంటే, అబద్ధం చెప్పలేదు. "తప్పు మా పాపది కాదప్పా. నేను పూజలో పెట్టిన కుంకుమ మీట కిందికి పోయి ఫోటోలు తారుమారైనాయి. తప్పు నాది" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. నన్ను తిట్టినట్టే ఇప్పుడు సార్‌ను తిడతాడేమోనని నాకు లోపల భయం కూడా వేసింది.

అవతల నుంచి నవ్వు వినపడింది.

"కుంకుమ వల్లనా సార్? అట్లయితే ఏం కాదులే. అమ్మవారే ఆ యవ్వను పంపించినట్టుండాది. మంచిదే, మంచిదే!"

సార్ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అదే ఫ్లెక్సీ, అదే అవ్వ, అదే పెళ్ళి. నా చేతి వల్లయితే అరిష్టం, ఆయన కుంకుమ వల్లయితే ఆశీర్వాదం! నేను ఫోన్ దగ్గరికి వంగి అడిగాను.

"అన్నా, నా చెయ్యి మంచిది కాదన్నావు గదా. ఇప్పుడేమంటావు?"

"ఏందో కోపంలో అంటిమి లేమ్మా" అని పెట్టేశాడు.

మా అమ్మకు చెబితే, కొంగులో అంటిన పత్తి పీచు తీసుకుంటూ, "అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ" అని లోపలికి పోయింది. ఆమెకు ఇందులో వింతేమీ కనపడలేదు. నాకు కోపం ఇంకా పెరిగింది.

సార్ కొత్త కీబోర్డు తెచ్చాడు. నేను దాన్ని పెట్టెలోంచి తియ్యలేదు. ఎమ్మిగనూరులో నాది నేను కొనుక్కున్నాను. పొద్దున సంచిలో పెట్టుకుని బస్సెక్కుతాను, సాయంత్రం మళ్ళీ ఇంటికి తీసుకుపోతాను. శుక్రవారం సార్ పళ్ళెంతో వస్తుంటే వైరు పీకి చేతిలోకి తీసుకుని పక్కకు నిలబడతాను. ఆయన ఖాళీ టేబుల్ మీద బొట్టు పెట్టి, "ఇంక కూచోమ్మా" అంటాడు. విండోలు ఆ తర్వాత ఒక్కసారి కూడా మాయం కాలేదు.

మొన్న ఒక పెళ్ళి కార్డులో ముహూర్తం గంట తప్పు పోయింది. సార్ కీబోర్డు వైపు చూసి, "మళ్ళీ అదేమైనా..." అన్నాడు.

"కాదు సార్, ఇది నేను చేసిన తప్పే" అని, ఆ పెళ్ళివాళ్ళకు నేనే ఫోన్ చేశాను.