చీపురోళ్ళ గడప

ఎర్ల్‌షైడ్ బజారులో నిలబడి "మ్యూలర్ గారూ" అని కేకేస్తే ఊళ్ళో సగం కిటికీలు తెరుచుకుంటాయి. జర్మనీ మొత్తం వెతికినా అంతమందికి ఉన్న ఇంటిపేరు ఇంకొకటి లేదు. ఈ ఊరున్న జార్‌లాండ్ రాష్ట్రంలో మరీ ఎక్కువ. మ్యూలర్ అంటే మర ఆడించేవాడు. వెనకటి రోజుల్లో ఏటి ఒడ్డున ఒక నీటిమర లేని ఊరు లేదు, మర ఆడించేవాడు లేని మర లేదు. వాళ్ళ పిల్లలూ ఆ పిల్లల పిల్లలూ మర మొహం చూడకపోయినా మ్యూలర్లుగానే మిగిలిపోయారు. అందుకే ఈ ఊళ్ళో ఇంటిపేరుతో ఏ పనీ జరగదు. గడప పేరు చెప్పాలి. కమ్మరోళ్ళు, బావికాడోళ్ళు, అలా.

రోస్విటా పుట్టిన గడపను 'బేసెమ్స్' అంటారు. అంటే చీపురోళ్ళు. వాళ్ళ పూర్వీకుడొకడు మరలో పాలేరుగా ఉంటూ, నేల మీద రాలిన పిండిని చీపురుతో ఊడ్చి చొక్కాలో దోపుకుపోయేవాడట. ఒకరోజు దొరికిపోయాడు. ఆ మర కూలిపోయింది, ఏటికి అడ్డంగా కట్టిన రాళ్ళు కూడా కొట్టుకుపోయాయి. చీపురు మాత్రం ఆ ఇంటి గడపకు అంటుకుని ఉండిపోయింది.

బళ్ళో రోస్విటా వెనక బెంచీలో యూర్గెన్ అనే పిల్లవాడు కూర్చునేవాడు. "రోస్విటా, మా అమ్మ పిండి ఒలకబోసింది. వస్తావా?" అనేవాడు. ఆమె ఏడుస్తూ ఇంటికొచ్చి చెబితే వాళ్ళ నాన్న ఎర్విన్ పగలబడి నవ్వాడు.

"వస్తానని చెప్పు చిట్టీ. మిగిలిన పిండితో వాళ్ళమ్మను ఆపిల్ కేకు చేసి పెట్టమను."

ఎర్విన్ బొగ్గుగనిలో పనిచేసేవాడు. పని దిగి వచ్చాక షెడ్డులో వెల్డింగు. మూడు కాళ్ళు నిలబెట్టి, గొలుసుకు జల్లెడ లాంటి ఇనప చట్రం వేలాడదీసి, దాన్ని నిప్పుల మీద ఊపుతూ మాంసం కాల్చుకునే పొయ్యి ఉంటుంది కదా, ఊళ్ళో పెరటికొకటి చొప్పున ఉన్నవన్నీ ఆయన చేసినవే. "చీపురోళ్ళ పొయ్యి" అంటే చాలు, దానికిక వంక పెట్టేవాడు లేడు. ఆయన ఆ పేరును చలికాలపు కోటులా వేసుకు తిరిగేవాడు. కూతురు మాత్రం అది వినపడిన చోటల్లా తల దించుకునేది.

పట్నంలో పెద్దబడిలో చేరినప్పుడు తల్లిదండ్రుల సమావేశానికి ఎర్విన్ గీసుకున్న గడ్డంతో, పెళ్ళినాటి కోటుతో వచ్చి, టీచరమ్మ చేయి పట్టుకుని ఊపుతూ "నేను చీపురోళ్ళ ఎర్విన్‌నండీ" అన్నాడు. రోస్విటా ఆయన కోటు చేయి లాగింది.

"మ్యూలర్ అని చెప్పు నాన్నా. అది చాలు."

ఆయన కూతురి వంక ఒకసారి చూశాడు. "మ్యూలర్" అన్నాడు టీచరమ్మతో. ఆ తర్వాత ఆ బడికి ఎప్పుడు వచ్చినా అలాగే చెప్పాడు, కరిచే కొత్త బూట్లతో నడిచే మనిషిలా.

చదువయ్యాక రోస్విటా జార్‌బ్రూకెన్‌లో మందుల షాపు పెట్టుకుంది. తెల్లకోటు మీద మ్యూలర్ అని రాసి ఉన్న చిన్న పలక. అంతమందికి ఉన్న పేరులో మనిషి హాయిగా దాక్కోవచ్చు. ఎక్కడివాళ్ళు, ఎవరి తాలూకు అని ఎవరూ అడగరు.

గని మూసేసిన కొన్నేళ్ళకు ఎర్విన్‌కు ఊపిరితిత్తులు పాడయ్యాయి. పట్నం ఆసుపత్రిలో కూతురి చేయి పట్టుకుని ఆయన అడిగింది ఒక్కటే.

"నన్ను మావాళ్ళు మోయాలి. అద్దెకొచ్చినవాళ్ళు కాదు."

మావాళ్ళంటే గనివాళ్ళు. తమలో ఒకడు పోతే ఇత్తడి బొత్తాల నల్లకోట్లు, ఈకల టోపీలు పెట్టుకుని, దీపాలు పట్టుకుని వచ్చి శవపెట్టెను భుజాల మీద మోసుకెళ్ళడం వాళ్ళ రివాజు.

"వాళ్ళకి నేను చెబుతాలే నాన్నా."

"చెప్పక్కర్లేదు. పేపర్లో వేయిస్తే చాలు. హూబెర్ట్ పొద్దున్నే కాఫీ కంటే ముందు చావుల పేజీ చూస్తాడు." హూబెర్ట్ గనివాళ్ళ సంఘం పెద్ద.

ఎర్విన్ పోయాక, పెట్టె నుంచి పూలదాకా అన్నీ చూసుకునే క్వింట్ గారు ప్రకటన రాసుకుంటూ, "మీ గడప పేరండీ?" అన్నాడు.

"అది వద్దు."

"పేరు కింద చిన్న అక్షరాల్లో వేస్తామండీ. ఎర్ల్‌షైడ్ వాళ్ళందరూ వేయించుకుంటారు. లేకపోతే ఏ మ్యూలరో ఎవరికి తెలుస్తుంది?"

రోస్విటాకు షాపులో తన కింద పనిచేసేవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళూ అదే పేపరు చదువుతారు. చీపురేమిటని అడుగుతారు, ఆ పిండి కథ చెప్పాలి.

"ఎర్విన్ మ్యూలర్. అంతే వేయండి" అంది.

అంత్యక్రియలనాడు చర్చిలో ముందు వరస బెంచీలు కూడా నిండలేదు. గంటలు మోగుతున్నంతసేపూ రోస్విటా వెనక్కి తిరిగి తలుపు వంకే చూసింది. ఈకల టోపీ ఒక్కటీ రాలేదు. క్వింట్ గారి మనుషులు బూడిదరంగు చేతితొడుగులతో పెట్టెను ఎత్తారు. సమాధి దగ్గర వాళ్ళలో ఒకడు మర్యాదకు అడిగాడు.

"మీ నాన్నగారు ఈ ఊరికి కొత్తా అండీ?"



తర్వాత భోజనాల హాల్లో పళ్ళేలు పళ్ళేలుగా కేకు, జున్ను పెట్టిన రొట్టెలు, ఊరంతటికీ సరిపడా కాఫీ. తినేవాళ్ళు ఒక మూల బల్ల దగ్గర గుసగుసలాడుకుంటున్నారు. వడ్డించే అమ్మాయి ఏ పళ్ళెం కప్పాలో ఏది విప్పాలో తెలియక నిలబడింది. అంతలో తలుపు తోసుకుని ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. రోస్విటా గుర్తుపట్టింది. కమ్మరోళ్ళ ఎర్విన్. ఈయనా మ్యూలరే, నాన్న ఈడువాడే. ఊరి ఫుట్‌బాల్ మైదానం ఈయన పొలంలో ఉండేది. దాన్ని మేడలు కట్టేవాడికి అమ్మేసి పక్క ఊరికి వెళ్ళిపోయినప్పటి నుంచి ఎర్ల్‌షైడ్‌లో ఆయనతో మాట్లాడినవాడు లేడు.

ఆయన హాలంతా కలియజూసి వచ్చి ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"పేపర్లో నా చావు చూసుకున్నాను. నేను పోతే ఎంతమంది వస్తారో చూద్దామని వచ్చాను. చూశాను."

"మీరు కాదు. మా నాన్న."

"నువ్వు చీపురోళ్ళ పిల్లవి కదూ?" ఆయన కర్ర బల్లకు ఆనించాడు. "పోయింది చీపురోళ్ళ ఎర్వినా? వాడింకా ఆసుపత్రిలో ఉన్నాడని కదా అనుకుంటున్నారు?" గొంతు తగ్గించి అన్నాడు. "ఈ కాస్త జనం నాకు రావలసింది, పిల్లా. వాడికి రావలసింది కాదు."

రోస్విటా తల ఎత్తలేకపోయింది. "ఆ పేరు వేయించడానికి నాకు సిగ్గేసింది" అంది.

"దేనికి?"

"పిండి దొంగతనం..."

"ఏ పిండి?" ఆయన నిజంగానే వెతుక్కున్నాడు. "ఓ, అదా. మా గడప కమ్మరోళ్ళు. నేను పోస్టాఫీసులో ముద్రలు కొట్టాను తప్ప జన్మలో సుత్తి ముట్టలేదు. చీపురోళ్ళంటే మాకు పొయ్యిలు చేసేవాడు. ఆ పిండి సంగతి నువ్వొక్కదానివే మోస్తున్నట్టున్నావు."

ఆయనే లేచి వెళ్ళి హూబెర్ట్‌కు ఫోను చేశాడు. ఎన్నేళ్ళకు మాట్లాడాడో. పొద్దువాలకముందే హూబెర్ట్ వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని శ్మశానంలో కొత్త మట్టికుప్ప ముందు నిలబడ్డాడు. తిట్టలేదు. "ప్రకటన చూశానమ్మా. ఆ మైదానం అమ్మినవాడనుకుని పేజీ తిప్పేశాను" అన్నాడు, తప్పు తనదన్నట్టు. తిట్టినా బాగుండేదని రోస్విటా అనుకుంది.

మనిషి పోయిన ఆరువారాలకు చర్చిలో చేయించే పూజకు రెండో ప్రకటన వేయించింది. పేరు కింద చిన్న అక్షరాలు వద్దంది, పేరుతో సమానంగా పెట్టమంది: చీపురోళ్ళ ఎర్విన్. షాపులో అడిగినవాళ్ళకు ఆ కథ చెప్పింది. వాళ్ళు నవ్వనూ లేదు, పెద్దగా వినిపించుకోనూ లేదు.

ఆరోజు చర్చిలో చోటు చాలక గోడల వెంట నిలబడ్డారు. కమ్మరోళ్ళ ఎర్విన్ చివరి బెంచీలో కూర్చున్నాడు, ఆయన పక్కన ఖాళీగానే ఉంది. గనివాళ్ళు నల్లకోట్లలో వచ్చారు. మోయడానికి పెట్టె లేదు. రాయి పాతేదాకా సమాధి మీద ఉంచాలని రోస్విటా చేయించిన కొత్త కొయ్యశిలువ ఒకటుంది, దాని మీద గడప పేరు చెక్కించింది. హూబెర్ట్ దాని వంక చూసి తనవాళ్ళకు సైగ చేశాడు.

అటు ముగ్గురు, ఇటు ముగ్గురు దాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఒక మనిషి చంకలో పెట్టుకుపోయే బరువు. అందరి భుజాలకూ చోటు లేక ఒకరినొకరు ఒరుసుకుంటున్నారు, ఒకాయన చేయి ఊరికే అంచుకు ఆనించి నడుస్తున్నాడు. అయినా నిండు పెట్టె కింద నడిచినట్టే నెమ్మదిగా, అడుగు అడుగుకూ ఆగి, కొండ మీది శ్మశానం దాకా మోశారు. వెనక నడుస్తున్న రోస్విటాకు, అది ఎంత తేలికో దారంతా కనపడుతూనే ఉంది.