పాత స్టేషన్ మాల్ పైకప్పు కింద నేను పెట్టిన సంతకం

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. పోయిన చలికాలమంతా నేను ఈ మందిరంలో మీ మధ్యనే కూర్చున్నాను, మీతో పాటు పాడాను, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను, కానీ ప్రభు బల్ల రొట్టె నా ముందుకు వచ్చిన ప్రతిసారీ, పాపంతో దాన్ని ముట్టలేక, పళ్ళెం పక్కవాళ్ళకి అందించేసి తల వంచుకున్నాను. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు మీలో కొందరు. అయ్యగారు కూడా ఒకసారి భుజం మీద చెయ్యి వేసి అడిగారు, నేను గ్యాస్ ట్రబుల్ అని అబద్ధం చెప్పాను. మందిరంలో నిలబడి సేవకుడితో అబద్ధం చెప్పే స్థితికి వచ్చిన మనిషిని దేవుడు ఎలా లేవనెత్తాడో చెప్పడానికే ఈ పొద్దు మీ ముందు నిలబడ్డాను.

కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, నా పేరు రత్నకుమార్, మాది చీరాల. ఈ దేశం వచ్చి మాస్టర్స్ చేసి, ఏడేళ్ళు ఒక మాల్‌లో బిల్డింగ్ ఇంజనీర్‌గా పనిచేశాను. మన ఈ షామ్‌బర్గ్ ఊరి నుంచి గంటన్నర డ్రైవ్, మేం ఉండేదీ ఆ మాల్ దగ్గర్లోనే. అది మామూలు మాల్ కాదు, వందేళ్ళు దాటిన రైల్వే స్టేషన్. రైళ్ళు ఆగిపోయాక చాలాకాలం పాడుబడి ఉంటే, ఆ ఊరివాళ్ళు కూలగొట్టనివ్వకుండా పోరాడి దాన్ని మాల్‌గా మార్పించుకున్నారు. టికెట్లు ఇచ్చిన కిటికీల దగ్గర నగల షాపులు, ప్లాట్‌ఫాం మీద ఫుడ్ కోర్టు, నడుమ పెద్ద వెయిటింగ్ హాలు, ఆ హాలు మీద మెడ నొప్పెట్టేంత ఎత్తున కమాను పైకప్పు, దాని నిండా సున్నంతో పోతపోసిన పూలూ తీగలూ, బంగారు రంగు అంచులూ! నేను చేరిన కొత్తలో లంచ్ బాక్స్ చేత్తో పట్టుకుని ఆ కప్పు వైపు చూస్తూ తినడం మర్చిపోయేవాణ్ణి.

అలాంటిది నా కళ్ళ ముందే వాడిపోయింది. జనం అన్నీ ఫోన్‌లోనే కొనుక్కుంటున్నారు, హైవే పక్కన కొత్త మాల్ వచ్చింది, అక్కడ పార్కింగ్ ఫ్రీ, మా దగ్గర కట్టాలి. ముందు చెప్పుల షాపు పోయింది, తర్వాత పుస్తకాల షాపు, తర్వాత పిల్లల బట్టలు. ఖాళీ షాపుల అద్దాలకి రంగురంగుల పోస్టర్లు అంటించి 'త్వరలో' అని రాసేవాళ్ళం, ఆ త్వరలో ఎప్పటికీ రాలేదు. ఎస్కలేటర్ ఆగిపోతే బాగుచేయించకుండా అడ్డంగా బోర్డు పెట్టారు. చివరికి వచ్చేవాళ్ళు రెండే రకాలు, పెళ్ళి ఫోటోలు దిగేవాళ్ళూ, పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే ముసలివాళ్ళూ. ఇద్దరూ ఏమీ కొనరు.

ఉన్న కొద్ది షాపుల్లో పాప్‌కార్న్ షాపు మిస్ ఎవలిన్‌ది. డెబ్బై దాటిన పెద్దావిడ. స్టేషన్ నడిచిన రోజుల్లో వాళ్ళమ్మ ఆ హాలు నేల తుడిచేదట. "మా అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తుడిచిన నేల మీద నాకు షాపు ఉంది, హనీ" అని గర్వంగా చెప్పేది, నాకు రోజూ ఒక పొట్లం ఉచితంగా ఇచ్చేది.

ఇక నా కష్టకాలం ఎలా మొదలైందంటే, ఆ చలికాలం మంచు బాగా పడింది, పైన రేకుల కింద నీళ్ళు దిగాయి, హాలు కప్పు మీద టీ ఒలికినట్టు గోధుమరంగు మరక కనిపించింది. వారం తిరిగేసరికి మరక పక్కన బీట. నిచ్చెన ఎక్కి పొడవాటి కర్రతో తట్టి చూస్తే డొల్ల చప్పుడు! పొద్దున్నే తలుపులు తీసేసరికి నేల మీద సున్నం పెచ్చులు పడి ఉండేవి, ఎవరూ చూడకముందే నేనే చీపురు పట్టి ఊడ్చేసేవాణ్ణి. మా మేనేజర్ బ్రయన్‌కి ఫోటోలు తీసి చూపించాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, తన పై వాళ్ళంటే ఆయనకీ భయమే. తలుపు వేసి నెమ్మదిగా అన్నాడు, "రత్న్, బిల్డింగ్ కొనడానికి ఒక పార్టీ వస్తోంది. ఇప్పుడు హాలు మూస్తే వాళ్ళు పారిపోతారు, ఉన్న షాపులూ పోతాయి. ఈ సమ్మర్ దాటనీ." మళ్ళీ తలుపు తీస్తూ, "అన్నట్టు నీ గ్రీన్ కార్డ్ ఫైల్ మన లాయర్ దగ్గరే ఉంది కదా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. నాకు ఇంకేం అనక్కర్లేదు కూడా!

మూడు నెలలకోసారి బిల్డింగ్ భద్రంగా ఉందని కాగితం నింపి సిటీకి పంపాలి. పైకప్పు అన్న గడిలో 'ప్రమాదం లేదు' అని టిక్ పెట్టి సంతకం చేశాను. దానికి నేను చెప్పుకున్న సాకులు వినండి, మిస్ ఎవలిన్ షాపు కాపాడుతున్నాను, పదిమంది జీతాలు కాపాడుతున్నాను, నా భార్యాబిడ్డల్ని కాపాడుతున్నాను. పాపం చేసేటప్పుడు మనం ఎంతమందిని కాపాడతామో చూశారా!

ఆ రోజు నుంచి నాకు నెమ్మది లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, బీపీ పెరిగింది. హాలులో ఎవరు గట్టిగా తలుపు వేసినా పరుగెత్తి వెళ్ళి కప్పు వైపు చూసేవాణ్ణి. వాకింగ్ ముసలివాళ్ళు ఆ మరక కింద నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే, "ఇక్కడ నేల తడిగా ఉందండీ, పక్కకి రండి" అని అబద్ధమాడి జరిపేవాణ్ణి. మూడు నెలలకి ఇంకో కాగితం వచ్చింది. దాని మీదా సంతకం పెట్టాను, ప్రభువు నన్ను క్షమించాలి!

అంతలో వసంతకాలం వచ్చింది. జనాన్ని మళ్ళీ రప్పించాలని, కొనేవాళ్ళకి నిండుగా కనిపించాలని, మాల్‌లో ఒక పండుగ పెట్టారు. శనివారం పదకొండు గంటలకి నాలుగు స్కూళ్ళ పిల్లలు హాలు మధ్యలో మెట్ల స్టేజీ మీద నిలబడి పాడాలి, పెద్ద పెద్ద స్పీకర్లు, తల్లిదండ్రులకి కుర్చీలు. స్టేజీ ఎక్కడ వేశారంటే, సరిగ్గా ఆ మరక కింద! ఆ నాలుగు స్కూళ్ళలో మా పాప గ్రేస్ స్కూలు ఒకటి. ఆ స్కూళ్ళవాళ్ళు ఏడాదికోసారి కలిసి పాడతారు, ఈసారి చోటు మా మాల్ అయింది.

బుధవారం పాప పర్మిషన్ స్లిప్ తెచ్చి నా ముందు పెట్టింది. నేను సంతకం పెట్టలేదు. సహోదరులారా, ఆ ఒక్క కాగితం మీద నా చెయ్యి ఆడలేదు! "శనివారం మనకి చర్చిలో పని ఉంది బంగారం" అన్నాను.

"చర్చిలో ఏం లేదు డాడీ, నేను పాస్టరమ్మ ఆంటీకి కాల్ చేసి అడిగాను" అంది. దానికి పదేళ్ళు. నా మొహంలోకే చూస్తూ, "అక్కడ ఏమైనా అవుతుందా డాడీ?" అని అడిగింది.

నేను స్లిప్‌ని తిరగేసి బల్ల మీద పెట్టాను.

"మరి మా ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారు కదా?"

అంతే అడిగింది, స్లిప్ అక్కడే వదిలేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను వంటింట్లో అలాగే నిలబడిపోయాను. నా బిడ్డని దాచుకున్నాను, ఊళ్ళో బిడ్డల్ని ఆ కప్పు కింద నిలబెట్టాను! వెళ్ళి గరాజ్‌లో కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల పెట్టి ఏడుస్తూ ప్రార్థించాను, "తండ్రీ, నాకు భయంగా ఉంది, వీసా పోతుందని భయం, జైల్లో పెడతారేమోనని భయం, మనుషులకి భయపడి నీకు భయపడటం మానేశాను, నా నోరు తెరువు ప్రభువా, నేను తెరవలేను, నువ్వే తెరువు!"

తల ఎత్తేసరికి నా భార్య సునీత పక్క సీట్లో వచ్చి కూర్చుని ఉంది. ఉన్నదంతా చెప్పేశాను. గ్రీన్ కార్డ్ కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో ఆమెకి తెలుసు. అయినా, "ఏవండీ, వెనక్కి వెళ్ళిపోవాల్సి వస్తే వెళ్ళిపోదాం, చీరాలలో కూడా దేవుడు ఉన్నాడు. కానీ ఇంకో కాగితం మీద మాత్రం అలా సంతకం పెట్టకండి" అంది.

గురువారం పొద్దున్నే బ్రయన్ దగ్గరికి వెళ్ళాను. "శనివారం దాటనీ, సోమవారం నేనే ఫోన్ చేస్తాను" అన్నాడు. "శనివారమే కదా పిల్లలు వచ్చేది" అన్నాను. ఆయన కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. నేను అక్కడి నుంచే పార్కింగ్‌లోకి వెళ్ళి సిటీ బిల్డింగ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. "ఆ పైకప్పు భద్రంగా లేదు. ఉందని రెండుసార్లు రాసి పంపింది నేనే" అన్నాను. అవతల ఉన్న మనిషి నా పేరు స్పెల్లింగ్ అడిగింది. ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే నా ఉద్యోగాన్ని నా చేత్తోనే పూడ్చిపెడుతున్నట్టు అనిపించింది, కానీ వింతేంటంటే, తెరవలేనన్న నా నోరు ఒక్కసారి కూడా ఆగలేదు! దేవునికే మహిమ!

శుక్రవారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది, మనిషిని పైకి లేపే లిఫ్ట్ బండి ఎక్కి కప్పు దాకా వెళ్ళి చూసింది, దిగి వచ్చి హాలు చుట్టూ పసుపు టేపు కట్టించింది. పండుగ రద్దయింది. నన్ను ఆ సాయంత్రమే బ్యాడ్జ్ ఇచ్చేసి ఉద్యోగం వదిలి వెళ్ళిపొమ్మన్నారు. బయటికి నడుస్తుంటే మిస్ ఎవలిన్ షట్టర్ దించుతూ నా వైపు చూసి, "నా స్టేషన్‌ని చంపేశావు" అంది. ఆమె నన్ను హనీ అనలేదు.

శనివారం పదకొండు అయింది. సహోదరులారా, ఏమీ జరగలేదు! పన్నెండు అయింది, ఒక్క పెచ్చు కూడా రాలలేదని తెలిసింది. ఊరివాళ్ళు ఇంటర్నెట్‌లో నన్ను తిట్టారు, పిల్లల పండుగ పాడుచేశాడన్నారు. ఆదివారం, సోమవారం, వారమంతా కప్పు అలాగే నిలబడి ఉంది. అప్పుడు నేనొక నీచమైన ప్రార్థన చేశాను, దాచను, "ప్రభువా, ఆ కప్పు పడనీ, నేను చెప్పింది నిజమని అందరికీ తెలియాలి" అని అడిగాను. అడిగిన వెంటనే సిగ్గుతో చచ్చిపోయాను. అది మనుషులు నిలబడే చోటు కదా! మోకాళ్ళూని, "వద్దు తండ్రీ, నన్ను అబద్ధికుడని అననీ, ఎవరికీ ఏమీ కాకపోతే చాలు" అన్నాను. ఆ రోజు నాకు నిజంగా విడుదల వచ్చింది. అమాంతం నిద్రపోయాను, నెలల తర్వాత! మరుసటి ఆదివారం మీరందరూ చూశారు, ప్రభు బల్లలో పాలు పుచ్చుకున్నాను. నా పక్కన కూర్చున్న సునీత ఏడుస్తోంది, ఎందుకో మీకు అప్పుడు తెలియదు.

టేపు కట్టిన పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం, కాంట్రాక్టర్లు టేపు బయట నిలబడి కొలతలు రాసుకుంటుండగా, ఎవరూ ముట్టుకోకుండానే ఆ కప్పు ముక్క ఊడి పడింది! కారంత ముక్క! దాన్ని పట్టుకున్న ఇనుప ఊచలు లోపల తుప్పు పట్టి దారాల్లా అయిపోయాయట. స్టేజీ ఇంకా తీయలేదు, దాని పై మెట్టు నుజ్జునుజ్జయింది. ఒక్క మనిషికి గీత కూడా పడలేదు. స్తోత్రం ప్రభువా!

ఆ సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. మిస్ ఎవలిన్. "నా మనవరాలు పై మెట్టు మీద నిలబడాల్సింది" అంది. ఇద్దరం ఏడ్చాం. ఆమె షాపు మళ్ళీ తెరుచుకోలేదు, అది నాకు ఇప్పటికీ బాధే. ఆ బిల్డింగ్ చుట్టూ కంచె ఉంది, దాన్ని బాగుచేస్తారో కూలగొడతారో ఎవరికీ తెలియదు. సిటీవాళ్ళు నన్ను మూడుసార్లు పిలిచి అడిగారు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను, తప్పు ఒప్పుకున్నాను, గట్టిగా మందలించి కాగితం మీద రాసి వదిలేశారు. ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికి వీసా ఇచ్చే అరవై రోజుల్లో ఇంక వారం మిగిలి ఉండగా, పాత స్కూలు భవనాలు బాగుచేసే చిన్న కంపెనీ ఒకటి నన్ను తీసుకుంది. ఇంటర్వ్యూలో నేనే ముందు ఈ సంగతి చెప్పాను. గ్రీన్ కార్డ్ లైన్‌లో ఇంకా ఎన్నేళ్ళు నిలబడాలో తెలియదు. ఉద్యోగం దొరికింది కాబట్టి దేవుడు మంచివాడని నేను చెప్పడం లేదు, దొరక్కపోయి ఈపాటికి చీరాలలో ఉన్నా ఈ సాక్ష్యమే చెప్పేవాణ్ణి!

ప్రియమైన వాళ్ళారా, మీలో ఎవరైనా అలాంటి కాగితం ఒకటి మోస్తూ ఇక్కడ కూర్చుని ఉండవచ్చు. ఆఫీసులో కావచ్చు, రెజ్యూమేలో కావచ్చు, ఇంట్లో భార్యకో భర్తకో చెప్పనిది కావచ్చు. ప్రభువుని నమ్మండి, నిజం చెప్పిన తర్వాత మిమ్మల్ని పట్టుకోవడానికి ఆయన చేతులు చాలు. ఒంటరిగా వెళ్ళాలంటే భయంగా ఉంటే, కూటం అయ్యాక నేను షూ స్టాండ్ దగ్గర నిలబడి ఉంటాను, నా దగ్గరికి రండి. విషయం ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి చాలు, రేపు పొద్దున్నే నేనే డ్రైవ్ చేస్తాను, మీరు లోపలికి వెళ్ళి చెప్పి వచ్చేదాకా బయట కారులో ప్రార్థన చేస్తూ కూర్చుంటాను.